ధవళేశ్వరం లాకుల దగ్గర మా తాత డ్యూటీ

జులై వచ్చిందంటే టీవీ తెర కింద ఒక లైను పరిగెడుతూ ఉంటుంది: "ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక జారీ." అది చూడగానే హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంటు వాళ్లు నన్ను పట్టుకుంటారు, "మీ ఊరు మునిగిపోతోందటగా?" అని. మునగదండీ, 11.75 అడుగులకి ఇచ్చే హెచ్చరిక అది, పది లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి పది లక్షల ఘనపుటడుగుల నీళ్లు పోతున్నాయని అర్థం. రెండోది 13.75కి ఇస్తారు, మూడోది 17.75కి. మూడోది పడ్డాక అడగండి, అప్పటికి నేనే ఫోన్ పట్టుకుని కూర్చుంటాను అని పాఠం మొదలెడతాను. మా ఆవిడ లోపల్నుంచి "ఇక చాలు, వాళ్లకి పనులున్నాయి" అని కేకేసే దాకా అది ఆగదు.

ఈ జబ్బు నాకు మా తాత అంటించాడు. ఆయన లాకుల దగ్గర లస్కరు, అంటే తలుపులూ తూములూ నడిపే మనిషి.

లాకులంటే ఈ తరం వాళ్లలో చాలామందికి సినిమా షూటింగులే గుర్తొస్తాయి. లొల్ల లాకులు, కొబ్బరి చెట్లు, కాలువ గట్టు మీద హీరో హీరోయిన్లు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనను. కానీ అవి కట్టింది పడవల కోసం. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా గోదారికి ఆనకట్ట కట్టించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా ఉంటుందది. రాయి మా ఊరి కొండల్లోదే. పొలాలకి నీళ్లివ్వడం ఒక్కటే ఆయన లెక్క కాదు. సరుకు రవాణాకి రైలు కంటే కాలువే మేలని బతికినంతకాలం వాదించిన మనిషి. అందుకే మా డెల్టా కాలువలన్నీ పడవలు నడిచేటట్టు తవ్వారు, నీళ్లు మెట్టు దిగే ప్రతిచోటా ఒక లాకు పెట్టారు. కాకినాడలో సరుకెక్కించిన పడవ కాలువలో ధవళేశ్వరం వచ్చి, లాకులోంచి గోదారిలోకెక్కి, ఆనకట్టకి ఎగువన ఏరు దాటి, విజ్జేశ్వరం లాకులో దిగి, ఏలూరు కాలువ పట్టుకుని బెజవాడకీ, అక్కణ్ణుంచి బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసుకీ పోయేది. సముద్రం మొహం చూడకుండా అంత దూరం.

నాకు బుద్ధి తెలిసేసరికి ఆ వైభవం సగం పోయింది. లారీలొచ్చేశాయి. 1974లో రాజమండ్రి దగ్గర రోడ్డు కం రైలు వంతెన మొదలయ్యాక ఇంకాస్త పలచబడింది. అయినా ధాన్యం పడవలు, ఇటుక పడవలు, పైనుంచి వెదురూ కలపా చింతపండూ వేసుకొచ్చేవీ, గవర్నమెంటు లాంచీలూ తిరుగుతూనే ఉండేవి. గాలి వాలుగా ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. లేకపోతే ఇద్దరు గట్టు మీద నడుస్తూ భుజానికి తాడేసుకుని లాగేవాళ్లు, ఒకడు వెనక గెడ వేసేవాడు. సాయంత్రం స్కూలు వదలగానే నేను నాన్నమ్మ ఇచ్చిన క్యారేజీ పట్టుకుని లాకుల దగ్గరికి పోయేవాణ్ణి. తాత అన్నం తినేలోపు ఏదో ఒక పడవ వచ్చేది. ఆయన చెయ్యి కడిగేసుకుని లేచేవాడు.

లాకు ఎలా పనిచేస్తుందో తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ఎదురెదురుగా రెండు రాతి గోడలు. వాటి మధ్య పడవ పట్టేంత తొట్టి. తొట్టికి గోదారి వైపు ఒక జత తలుపులు, కాలువ వైపు ఒక జత. మూసినప్పుడు తలుపులు రెండూ సమంగా ఒకదానికొకటి ఆనవు, గోదారి వైపుకి కోణంగా పొడుచుకొచ్చి ఆనుకుంటాయి. నీళ్లు ఎంత నెడితే అంత గట్టిగా బిగుసుకుంటాయన్నమాట. తలుపుల్లో కింద చిన్న తూములుంటాయి. గోదారిలోంచి పడవ రావాలంటే ముందు తొట్టి నింపాలి. నీళ్లు సమం అయ్యాక పై తలుపులు తెరుచుకుంటాయి, పడవ లోపలికొస్తుంది. పై తలుపులు మూసి, కింది తూములెత్తితే తొట్టిలో నీళ్లు కాలువలోకి పోయి పడవ మెల్లగా దిగుతుంది. కాలువతో సమం అయ్యాక కింది తలుపులు తీస్తారు. అంతే. మోటారు లేదు, కరెంటు లేదు.

ఇందులో ఎక్కడా చెయ్యకూడనిది ఒకటే: తొందరపడడం. మా తాత ఉద్యోగం మొత్తం మనుషుల్ని ఆపడమే.

"నీళ్లు సమం అయ్యాయో లేదో ఎలా తెలుస్తుంది తాతా?" అని అడిగితే చెవి చూపించేవాడు. తలుపులు రెండూ కలిసే చోట ఎంత బాగా చేసినా సన్నటి సందు ఉంటుంది. ఒక వైపు నీళ్లు ఎత్తుగా ఉన్నంతసేపూ అందులోంచి చిమ్ముతూ ఉంటాయి. ముందు గట్టిగా బుస్సుమంటాయి, తర్వాత గొణిగినట్టుంటుంది, చివరికి ఆ చప్పుడు పోతుంది. పోయింది కదాని ఆయన వెంటనే తలుపు మీద చెయ్యి వేసేవాడు కాదు. గట్టు మీద గడ్డిపరక ఒకటి తుంపి ఆ సందు దగ్గర నీళ్లలో పడేసేవాడు. పరక కదలకుండా అక్కడే తేలుతూ ఉంటే అప్పుడు, "ఆఁ, పట్టండ్రా." ఇంకొకతనూ ఆయనా తలుపు మీద ఒళ్లంతా వాల్చి నెట్టేవాళ్లు. పరక అంగుళం జరిగినా ఆగడమే.

అంగుళానికి ఏమవుతుంది అనిపించేది నాకు. తర్వాత పాలిటెక్నిక్‌లో హైడ్రాలిక్స్ క్లాసులో కూర్చున్నప్పుడు నోట్సు వెనక లెక్కేసి చూశాను. పదడుగుల వెడల్పు, పదడుగుల లోతున్న తలుపుకి ఒక వైపు నీళ్లు మూడంగుళాలు ఎత్తుగా ఉన్నా దాని మీద ఏడు వందల కిలోల తోపుడు ఉంటుంది. మనుషులు నెడితే తెరుచుకోదు. గొలుసులేసి బలవంతాన లాగితే తెరుచుకుంటుందేమో గానీ తలుపు ఇరుసు దెబ్బతింటుంది, లేదా ఒక్కసారిగా విసురుకొచ్చిన నీళ్లకి పడవ ఎగిరి గోడకి కొట్టుకుంటుంది. మా తాతకి లెక్కలు రావు. సంతకం తప్ప రాయడం కూడా రాదు. గడ్డిపరక చాలేది.

సరంగులకి, అంటే పడవ నడిపేవాళ్లకి, ఇదంతా నరకంగా ఉండేది. వాళ్ల బాధ వాళ్లది, సరుకు ఆలస్యమైతే షావుకారు కిరాయిలో కోత పెడతాడు. ఒకాయన ఉండేవాడు, పొట్టిగా, నల్లగా, చెవికి పోగు. లాకులోకి వస్తూనే మొదలెట్టేవాడు.

"మావా, తొరగా వదులు మావా, కాకినాడలో ఓడెళ్లిపోద్ది!"

"ఓడెళ్లిపోతే ఇంకో ఓడొస్తాది. తలుపెళ్లిపోతే నువ్వు తెస్తావేంట్రా?"

"రెండు తూములూ ఒకేసారి ఎత్తెయ్యొచ్చు కదా!"

"ఎత్తేస్తాను. నువ్వు ముందు దిగి గట్టు మీద నిలబడు. పడవొకత్తే ఎల్తాది."

తూము కొంచెం కొంచెంగా ఎత్తాలనేది ఇంకో నియమం. ఒకేసారి ఎత్తేస్తే తొట్టిలో నీళ్లు సుడి తిరిగి పడవని ముందుకీ వెనక్కీ లాగుతాయి. పడవని గోడ మీద రాతి గుంజకి మోకుతో పట్టుకుని ఉండాలి, కానీ ముడి వెయ్యకూడదు. ఒక చుట్టు చుట్టి కొస చేతిలో పెట్టుకుని, నీళ్లు దిగుతుంటే వదులుతూ ఉండాలి. ముడేసి చుట్ట కాల్చుకుంటూ కూర్చుంటే, నీళ్లు దిగిపోతాయి, పడవ మోకుకి వేలాడుతుంది. పడవకీ గోడకీ మధ్య చెయ్యి పెట్టకూడదు. పిల్లలుంటే మధ్యలో కూర్చోబెట్టాలి. ఆడవాళ్లు వంట చేసుకుంటుంటే పొయ్యి ఆర్పించేవాడు. అదేమీ రూలు కాదనుకుంటాను, ఆయన సొంత చాదస్తం.

పెద్దవాళ్లొస్తే ఆయన పద్ధతి వేరు. ఒకసారి లాంచీలో ఒక పెద్ద అధికారి వచ్చాడు. తెల్ల టోపీ, చేతిలో వాచీ. తాత చేతులు కట్టుకుని, నడుం వంచి, ప్రతి మాటకీ "ఆయ్" అంటూ నిలబడ్డాడు. "ఇంకా ఎంతసేపయ్యా?" అంటే "ఆయ్, వచ్చేస్తన్నాయండి నీళ్లు." రెండు నిమిషాలాగి, "ఏం చేస్తున్నావు?" అంటే "ఆయ్, చూస్తన్నానండి." ఇంకాసేపటికి ఆయన గొంతు పెంచాడు. తాత ఇంకా వంగి, "ఆయ్, తమరు ఎలా సెలవిస్తే అలాగేనండి" అని, తూము చక్రం మాత్రం అంతకు ముందు ఎంత తిప్పాడో అంతే తిప్పాడు. లాంచీ వెళ్లాక నా వైపు తిరిగి కన్ను కొట్టాడు. గౌరవం ఇవ్వడానికి ఖర్చేముంది, తూము ఇవ్వకూడదు గానీ అన్నాడు.

ఇప్పుడు సున్నం గీత సంగతి చెప్పాలి. పై తలుపులు ఆనుకోవడానికి కింద రాతి గడప ఉంటుంది. అది తొట్టిలోకి కొంత ముందుకు చొచ్చుకొచ్చి ఉంటుంది. తొట్టి నిండుగా ఉన్నప్పుడు ఎవడికీ కనపడదు. నీళ్లు దిగేటప్పుడు పడవ వెనక భాగం ఆ గడప మీదికి వచ్చి ఉందనుకోండి, వెనక్కొస అక్కడే కూర్చుండిపోతుంది, ముందుభాగం నీళ్లతో పాటు దిగిపోతుంది. అందుకని గోడ మీద గడప అంచుకి సరిగ్గా ఎదురుగా తాత నిలువుగా ఒక సున్నం గీత గీసేవాడు. పడవ వెనక్కొస గీత దాటి ముందుకొచ్చే దాకా కింది తూము ముట్టుకునేవాడు కాదు. వరద పోయాక ఒకసారి, సంక్రాంతి ముందు ఒకసారి గీత కొత్తగా వేసేవాడు. నాకు కుంచె ఇచ్చి కొంతభాగం వెయ్యనిచ్చేవాడు కూడా.

ఒక సాయంత్రం పైనుంచి వెదురు వేసుకొచ్చిన పొడుగు పడవ ఒకటి లోపలికొచ్చింది. గీత దాటి సరిగ్గానే నిలిచింది. కింది తూములెత్తారు. ముందు మోకు పట్టుకున్న కుర్రాడు ఎవరితోనో మాట్లాడుతూ కాస్త ఎక్కువ వదిలేశాడు కాబోలు, పడవ మెల్లగా వెనక్కి జరిగింది. నేను గట్టు మీద వేరుశెనక్కాయలు తింటున్నాను. ముందు నాకు వినపడింది కర్ర కిర్రుమన్న చప్పుడు. చూస్తే వెనక్కొస కదలట్లేదు, ముక్కు మాత్రం కిందికి పోతోంది. వెదురు బొంగులు ఒకదాని మీదుగా ఒకటి ముందుకి జారుతున్నాయి. నీళ్ల కుండ దొర్లుకుంటూ పోయి బద్దలైంది. పడవలో ఒక ముసలమ్మ "ఓరి నాయనోయ్" అని తెడ్డు పట్టుకుని వేలాడుతోంది.

"మూసెయ్! కింద మూసెయ్!" తాత కేక అంత పెద్దగా నేను ముందెప్పుడూ వినలేదు. అవతల గట్టు మీదాయన చక్రం వెనక్కి తిప్పుతున్నాడు. తాత అప్పటికే పై తలుపుల దగ్గరికి పరిగెత్తి అక్కడి తూము ఎత్తడం మొదలెట్టాడు. అంత తొందరలో కూడా చకచకా కాదు, మళ్లీ కొంచెం కొంచెంగానే. నీళ్లు లోపలికొచ్చి, ముక్కు పైకి లేచి, పడవ తిన్నగా అయ్యేసరికి పొద్దుపోయింది. ముసలమ్మని దించి గట్టు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. సరంగు ఆ కుర్రాణ్ణి కొట్టబోతే తాత అడ్డుపడి, "ఆడిని తర్వాత కొడుదువుగానీ, ముందు అడుగు చెక్కలు చూస్కో, ఊట పడతందేమో" అన్నాడు. పడుతోంది కూడా. ఆ రాత్రి పడవ అక్కడే ఉండిపోయింది.

లాకు సంగతి ఇలా ఉంటే, ఆనకట్ట దగ్గర భయం వేరే రకం. పాత ఆనకట్ట మీంచి నీళ్లు పల్చగా జారుతుంటే పిల్లలకి భలే ఆశగా ఉండేది, కిందికి దిగి ఆడుకోవాలని. తాత ఒకసారి నన్ను గట్టు మీదికి తీసుకెళ్లి, డొక్క తీసిన ఎండు కొబ్బరికాయ ఒకటి ఎగువన నీళ్లలోకి విసిరాడు. అది జారి కింద పడింది. పడి, ముందుకి పోలేదు. నురుగులో మునిగింది, కొంచెం అవతల తేలింది, మళ్లీ వెనక్కొచ్చి ఆనకట్ట కాళ్ల దగ్గరే మునిగింది. అలా తిరుగుతూనే ఉంది. పైన నీళ్లు ముందుకి పోతున్నట్టే కనపడతాయి, నురుగు ఉన్నచోట మాత్రం వెనక్కి లాగుతుంటాయి. ఈత ఎంత వచ్చినా అక్కడ పనికిరాదు. మేము ఇంటికి బయల్దేరేసరికి కూడా ఆ కాయ అక్కడే ఉంది. ఒక్క మాట చెప్పలేదాయన. నాకు ఇప్పటికీ ఏ చెక్‌డ్యాం కింద పిల్లలు స్నానం చేస్తున్నా గుండె దడే.

పులస సీజన్లో మాత్రం ఎవరికీ భయం ఉండేది కాదు. ఎర్రనీళ్లు తగలగానే సముద్రంలోంచి పులస ఎదురెక్కి వస్తుంది, ఆనకట్ట అడ్డం పడేసరికి అక్కడక్కడే తచ్చాడుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ఉన్న నేల అది. వలలోళ్లు నాటుపడవలేసుకుని ఆ సుడుల అంచుకి పోయేవాళ్లు. తాత గట్టు మీంచి అరుస్తూ ఉండేవాడు. వాళ్లు వినేవాళ్లు కాదు. అరిచిన రోజు సాయంత్రం వాళ్లే ఒక ముక్క పంపితే నాన్నమ్మ బెండకాయ వేసి పులుసు పెట్టేది, అదీ తాత తినేవాడు. నేనేమీ అనను.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు లాకు ఎండగట్టేవాళ్లు. మాకు పండగ. అడుగున బురదలో రాగి కానులు, విరిగిన గెడలు, గుల్లలు, ఒక్కోసారి తాబేలు. తాతకి అదే అసలు పని. నిచ్చెన దిగి, సుత్తి పుచ్చుకుని తలుపు చెక్కల్ని అడుగు అడుగూ కొట్టుకుంటూ పోయేవాడు. టంగుమంటే బాగున్నట్టు, బొద్దుగా పలికితే లోపల పుచ్చినట్టు. పుచ్చిన చోట బొగ్గుతో గుర్తు పెట్టేవాడు, వర్క్‌షాపు వాళ్లొచ్చి ఆ ముక్క మార్చేవాళ్లు. సందుల్లో నార కూరి తారు పూసేవాళ్లు. తలుపు తిరిగే ఇనప మేకు అరిగిందా, గడప రాయి బీటలిచ్చిందా అని వేళ్లతో తడిమి చూసేవాడు. మళ్లీ కాలువకి నీళ్లొదిలాక ఏడాది పొడుగునా ఎవరూ చూడలేని భాగం కదా అది.

జూన్ దాటాక ఏరు పెరగడం మొదలైతే పడవల్ని ఏరు దాటనిచ్చేవాళ్లు కాదు. ఆనకట్టకి ఎగువన అడ్డంగా పోతుంటే ప్రవాహం పక్కకి లాక్కెళ్లి ఆనకట్ట మీంచి పడేస్తుందని. ఉన్నవాటిని కాలువలోపలికి దింపేసి రెండేసి మోకులతో కట్టించేవాళ్లు. మా ఇంట్లో అప్పట్నుంచి తాత రాత్రిళ్లు సరిగా పడుకునేవాడు కాదు. లాకు తలుపులకి అవతల గోదారి, ఇవతల డెల్టా మొత్తం. ఆ టెన్షన్ ఎంతటిదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

పాత ఆనకట్ట బలహీనపడిందని 1970లో కొత్త బ్యారేజీ పని మొదలెట్టారు. నా చిన్నతనమంతా ఆ కట్టుబడి చూస్తూనే గడిచింది. 1982 అక్టోబరు 29న జాతికి అంకితం చేశారు. మొత్తం 175 గేట్లు, ధవళేశ్వరం పాయ మీదే 70. మా ఊళ్లో అందరూ ఎగబడి చూశారు. తాత కూడా చూశాడు. చూసి అడిగింది ఒకటే, "గ్రీజు ఎవరేస్తారు?" నవ్వారందరూ.

ఆ బ్యారేజీకి నాలుగేళ్లు నిండకుండానే 1986 ఆగస్టు వచ్చింది. 16వ తారీకున భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. అక్కడి నీళ్లు మాకు చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది, ఆ ఒక్క రోజే మాకు దొరికే టైము. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గేట్లన్నీ ఎత్తేశారు. గేట్లెత్తడం వల్లే వరదొచ్చిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు, వాళ్లకోసం చెప్తున్నాను: బ్యారేజీలో పట్టేది 2.93 టీఎంసీలు, అంటే 293 కోట్ల ఘనపుటడుగులు. 35 లక్షల క్యూసెక్కులొస్తుంటే అది నిండడానికి పావుగంట కూడా పట్టదు. దాచుకునే చోటు లేదు. ఆ స్థితిలో గేటు చెయ్యగల మేలు ఏదైనా ఉందంటే అది దారికి అడ్డం లేకపోవడమే.

అప్పటికి తాత రిటైరైపోయాడు, చూపు కూడా తగ్గింది. అయినా గట్టు కాపలాకి వచ్చాడు. ఊళ్లో మగాళ్లమంతా గట్టు మీదే, పెట్రోమాక్స్ లైట్లు, ఇసక నింపిన గోనె సంచులు. నీళ్లు గట్టు అంచుకి చేయి దూరంలో ఉన్నాయి. గట్టుకి ఇవతల వైపు అడుగున ఒకచోట ఊట కనపడింది. అందరూ ఒక్కసారిగా సంచులేసుకుని పరిగెత్తారు, మూసేద్దామని. తాత "ఆగండ్రా" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని కిందికి దిగి, ఆ ఊట నీళ్లు దోసిట్లో పట్టి, "లైటు ఇలా పెట్టి చూడు, రంగేంటి?" అన్నాడు. తేటగా ఉన్నాయి. "అయితే పోనీ. తేట నీళ్లు గట్టు వడకట్టి వదిలినవి. కాపలా పెట్టండి, బురద రంగు తిరిగిందంటే అప్పుడు చెప్పండి, మట్టి కొట్టుకొస్తన్నట్టు." తెల్లవారుజామున నిజంగానే ఇంకొక చోట ఊట ఎర్రగా మారింది. దాని నోరు మూసెయ్యకుండా చుట్టూ సంచులు గుండ్రంగా పేర్చి, నీళ్లని ఎత్తుగా నిలబెట్టాం. లోపలి నీళ్లు పెరిగేకొద్దీ ఊట తోపుడు తగ్గి, మళ్లీ తేటబడింది. మూసేస్తే పక్కన ఇంకో చోట పొడుచుకొస్తుందట. మా దగ్గర గట్టు నిలబడింది. కింద చాలా చోట్ల తెగాయి. లంకల్లో జనం పడ్డ అవస్థ నేను రాయలేను, పడ్డవాళ్లే రాయాలి.

తాత ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు.

2024లో రెండు వార్తలు చూసినప్పుడు ఆయన గట్టిగా గుర్తొచ్చాడు. ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు, అంత పెద్ద వయసులో, పారుతున్న నీళ్లలోనే స్టాప్‌లాగ్ (గేటు బదులు దింపే తాత్కాలిక అడ్డుపలక) దింపించి ఆపారు. మళ్లీ నెల తిరక్కుండానే కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులు పైబడి వరదొచ్చి, ఎగువనున్న పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లని గుద్దాయి. గేటు ఎత్తడానికి సాయపడే బరువులు, కౌంటర్ వెయిట్లు, విరిగాయి. దాని వెనక ఏముందో ఎవరెవరో ఏవేవో అన్నారు, ఆ గొడవలోకి నేను పోను. గ్రీజు ఎవరేస్తారు, పడవకి రెండో మోకు ఎవరు కడతారు, నాకు ఈ రెండు ప్రశ్నలే మెదిలాయి. అంతకు ముందు 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద గోదారిలో పర్యాటకుల బోటు మునిగి పదుల మంది పోయినప్పుడు కూడా అంతే. ఆ తర్వాత బోట్లకి కంట్రోల్ రూములు పెట్టారు. వాటిల్లో కూర్చున్న ఉద్యోగి "ఇవాళ బోటు కదలదు" అంటే, పెద్ద మనుషులు ఫోన్లు చేసినా ఆ మాట చెల్లుతుందా అన్నదే నా సందేహం. మా తాత జీతం ఎంతో నాకు తెలీదు, కానీ లాకు దగ్గర ఆయన మాట చెల్లేది.

2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువలనే నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మళ్లీ పడవలు నడుస్తాయని అప్పట్నుంచీ వింటున్నాం. నడిస్తే మంచిదే. పాత లాకులు ఇప్పటి బార్జీలకి సరిపోవు, కొత్తవి కట్టాల్సిందే. మొన్న ఊరెళ్లినప్పుడు మా తమ్ముడి కొడుకుని వెంటేసుకుని లాకు గోడ మీద సున్నం గీత కోసం వెతికాను. నాచు, సినిమా పోస్టర్ల జిగురు, ఎవడో రాసుకున్న ప్రేమ. గీత ఉండాల్సిన చోటు మాత్రం చెయ్యి పెట్టి చూపించగలిగాను, వాడు ఫోటో తీసుకున్నాడు.

ఏలూరు కాలువ మీద గానీ, సామర్లకోట వైపు గానీ, కృష్ణా డెల్టాలో దుగ్గిరాల లాకుల దగ్గర గానీ పెరిగినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకటి చెప్పండి. మీ దగ్గర కూడా గడప అంచుకి సున్నం గీత ఉండేదా, లేక వేరే గుర్తేదైనా పెట్టుకునేవాళ్లా? విజ్జేశ్వరం అవతల గట్టున రాయికి గాటు పెట్టేవాళ్లని తాత అనేవాడు. అక్కడివాళ్లు ఎవరైనా చూశారా?